డ్యాష్‌బోర్డులు వందలున్నాయి, అంకెలు కలవడం లేదు: సాఫ్ట్‌వేర్ మార్చాలా?

ప్రశ్న: మాది నాలుగు రాష్ట్రాల్లో డిపోలున్న ఎఫ్ఎంసీజీ (రోజువారీ వాడకం సరుకుల) కంపెనీ. బిల్లులు, నిల్వలు నమోదయ్యే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ నుంచి డేటా తీసి, రిపోర్టులు చూపే మైక్రోసాఫ్ట్ పవర్ బీఐలో చూస్తున్నాం. రెండు వందలకు పైగా రిపోర్టులు ఉన్నాయి. నెల అమ్మకం ఎంత అంటే సేల్స్ వాళ్ళది ఒక అంకె, ఫైనాన్స్ వాళ్ళది ఇంకో అంకె. పేజీ తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది. చివరికి మేనేజర్లందరూ ‘ఎక్సెల్‌లో పంపించు’ అంటున్నారు. టాబ్లో అనే ఇంకో రిపోర్టింగు సాఫ్ట్‌వేర్‌కు మారితే బాగుపడుతుందని పైవాళ్ళ ఆలోచన. ఏఐ కూడా పెడదాం అంటున్నారు. ఇదంతా చక్కదిద్దే పని నాకు అప్పజెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

టాబ్లోకి మారకండి. ఇప్పుడైతే అస్సలు వద్దు. మీరు చెప్పిన ఇబ్బందుల్లో సాఫ్ట్‌వేర్‌ను మారిస్తే పోయేది ఒక్కటీ లేదు. మీ రెండు వందల రిపోర్టుల్లో రెండు వందల రకాల లెక్కలు ఉన్నాయి. అవి టాబ్లోలోకి కూడా అలాగే వెళ్తాయి. మధ్యలో ఒక ఏడాది, బోలెడు డబ్బు, మీ టీమ్ ఓపిక ఖర్చయిపోతాయి.

టాబ్లో చెడ్డదని నా ఉద్దేశం కాదు. 2003లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన నుంచి పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్, డేటాను లాగి వదులుతూ కళ్ళతో వెతికే అనలిస్టుకు ఇప్పటికీ చాలా హాయిగా ఉంటుంది. లుకర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో అయితే ప్రతి అంకె నిర్వచనాన్నీ ముందుగా కోడ్‌లో రాసి పెట్టుకోవాల్సిందే, ఆ క్రమశిక్షణ నాకు ఇష్టం. కానీ ఎస్ఏపీ, ఎక్సెల్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ మధ్య బతికే మీలాంటి సంస్థకు పవర్ బీఐ సరిపోతుంది. పెద్ద సంస్థలో డ్యాష్‌బోర్డు నిలబడేదీ పడిపోయేదీ ఒక్క విషయం మీదే: ఫలానా అంకె అంటే ఏమిటి, దానికి జవాబుదారీ ఎవరు. ఇది తేలనంత వరకు ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా మీ మీటింగుల్లో మొదటి అరగంట ‘ఈ అంకె ఎక్కడిది’ అనే వాదనకే పోతుంది.

కాబట్టి ఆ రెండు అంకెలతోనే మొదలుపెట్టండి. రెండూ తప్పు కాకపోవచ్చు. ఒకే నెల, ఒకే డిపో తీసుకోండి. సేల్స్ నుంచి ఒకరిని, ఫైనాన్స్ నుంచి ఒకరిని పక్కపక్కన కూర్చోబెట్టి బిల్లుల స్థాయికి దిగండి. మీ రంగంలో తేడా ఎక్కడెక్కడ దాక్కుంటుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

తేదీ మొదటిది. సేల్స్ వాళ్ళు ఆర్డర్ తేదీ చూస్తారు, ఫైనాన్స్ వాళ్ళు ఇన్‌వాయిస్ తేదీ చూస్తారు. 31న ఆర్డర్ పడి 1న బిల్లయిన సరుకు ఇద్దరి దగ్గరా వేర్వేరు నెలల్లో కూర్చుంటుంది. జీఎస్టీ కలిపి చూసేవాళ్ళు కొందరు, తీసేసి చూసేవాళ్ళు కొందరు. పది కేసులు కొంటే ఒకటి ఫ్రీ అనే స్కీములో ఆ పదకొండో కేసు వాల్యూమ్‌లో ఉంటుంది, విలువలో సున్నా. ట్రేడ్ డిస్కౌంటు బిల్లులోనే తగ్గిస్తే ఒక లెక్క వస్తుంది, తర్వాత క్రెడిట్ నోటుగా ఇస్తే ఇంకో లెక్క వస్తుంది. ఎక్స్‌పైరీ సరుకు, పగిలిన సరుకు వాపసు వచ్చినప్పుడు దాన్ని అమ్మిన నెలలో తగ్గించాలా, వాపసు వచ్చిన నెలలో తగ్గించాలా అన్నదాని మీద మీ కంపెనీలో ఎవరూ ఎప్పుడూ నిర్ణయం తీసుకుని ఉండకపోవచ్చు. ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తూ వచ్చి ఉంటారు.

డిపో బదిలీలను ప్రత్యేకంగా చూడండి, చాలామంది కంటికి ఇవి ఆనవు. హైదరాబాద్ డిపో నుంచి విజయవాడ డిపోకు సరుకు పంపితే అది అమ్మకం కాదు. కానీ 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక, ఒకే కంపెనీకి రెండు రాష్ట్రాల్లో ఉన్న రిజిస్ట్రేషన్లను చట్టం ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా చూస్తోంది. అందుకే ఆ బదిలీకి కూడా ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఉంటుంది, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరఫరా మీద జీఎస్టీ) ఉంటుంది. రిపోర్టు చేసినవాళ్ళు ఇన్‌వాయిస్ టేబుల్ మొత్తాన్ని కూడేస్తే అదే సరుకు రెండుసార్లు అమ్ముడైనట్టు కనిపిస్తుంది. ఎస్ఏపీలో బిల్లు ఏ రకమో చెప్పే బిల్లింగ్ టైపును బట్టి వీటిని విడదీయాలి. ఏ టైపు దేనికి వాడుతున్నారో మీ ఎస్ఏపీ వాళ్ళతో, ట్యాక్స్ వాళ్ళతో కలిసి కూర్చుని రాసుకోండి. కంపెనీ కంపెనీకీ ఇది మారుతుంది.

ఇక ప్రైమరీ, సెకండరీ. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళింది ప్రైమరీ, డిస్ట్రిబ్యూటర్ నుంచి షాపుకు వెళ్ళింది సెకండరీ. మీటింగులో ఒకరు ఒకదాని గురించి, మరొకరు మరొకదాని గురించి మాట్లాడుతూ ఇద్దరూ ‘సేల్స్’ అనే అంటారు. రిపోర్టుల్లో ‘సేల్స్’ అనే ఒంటి పేరుతో ఏ అంకె ఉన్నా ఆ పేరు తీసేయించండి. ‘ప్రైమరీ నికర అమ్మకం, జీఎస్టీ లేకుండా’ అని పూర్తిగా రాయించండి. పేరు పొడవైందని డిజైనర్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

ఇవన్నీ ఒక పేజీలో పెట్టాలి. ఒక్కో అంకెకు దాని పేరు, అందులో ఏవి కలుస్తాయి, ఏవి కలవవు, ఏ తేదీ ప్రకారం, ఏ టేబుల్ నుంచి, ఎవరు జవాబుదారీ. ఈ జవాబుదారీ మనిషి ఐటీలో ఉండకూడదు. నికర అమ్మకానికి ఫైనాన్స్‌లో ఒకరు, సెకండరీకి సేల్స్ ఆపరేషన్స్‌లో ఒకరు, డిపో నిల్వలకు సప్లై చెయిన్‌లో ఒకరు, ఇలా పదవి కాదు, మనిషి పేరే రాయాలి. పది పదిహేను అంకెలకు మించొద్దు. సంస్థను నడిపించే అంకెలు నిజానికి అంతకన్నా ఎక్కువ ఉండవు. ఒప్పుకోని చోట మీరు తీర్పు చెప్పకండి. సీఎఫ్ఓ (ఫైనాన్స్ అధిపతి), సేల్స్ హెడ్ ఇద్దరూ ఉన్న మీటింగులో ఆ ఒక్క పాయింటు పెట్టి తేల్పించుకోండి, మినిట్స్‌లో రాయించండి. అలా తేలని అంకెను డ్యాష్‌బోర్డులో పెడితే తర్వాత తిట్లన్నీ మీ టీమ్‌కే వస్తాయి. రెండు నిర్వచనాలూ అవసరమే అని తేలడం కూడా మంచిదే. రెండు పేర్లతో రెండూ ఉంచండి.

తర్వాత ఆ నిర్వచనాలన్నీ ఒకే చోట లెక్కగా మారాలి. పవర్ బీఐలో దానికి సెమాంటిక్ మోడల్ ఉంది, అంటే టేబుళ్ళు, వాటి సంబంధాలు, లెక్కల సూత్రాలు కలిసి ఉండే చోటు. 2023 నవంబరు దాకా దీన్నే డేటాసెట్ అనేవారు, మీ పాత డాక్యుమెంట్లలో ఆ పేరే ఉంటుంది. మీ దగ్గర ఇప్పుడు ప్రతి రిపోర్టుకూ దాని సొంత మోడల్ ఉండి ఉంటుంది, అంటే ప్రతి దాంట్లో ‘నికర అమ్మకం’ మళ్ళీ కొత్తగా రాసి ఉంటుంది. అమ్మకాలకు ఒక మోడల్, నిల్వలకు ఒకటి, వసూళ్ళకు ఒకటి చాలు. వీటిని వేరే వర్క్‌స్పేస్‌లో (టీమ్ కలిసి వాడే ఫోల్డర్ లాంటిది) పెట్టి, మార్చే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇచ్చి, ‘సర్టిఫైడ్’ ముద్ర వేయండి. రిపోర్టులు చేసే మిగతావాళ్ళకు బిల్డ్ పర్మిషన్ మాత్రం ఇవ్వండి. వాళ్ళు ఆ మోడల్ మీద ఎన్ని రిపోర్టులైనా చేసుకోవచ్చు. లెక్క మాత్రం ఒక్క చోటే ఉంటుంది. నిర్వచనం మారితే ఒక్క చోట మారుస్తారు, రిపోర్టులన్నీ మారతాయి.

మోడల్ ఆకారం స్టార్ స్కీమానే. మధ్యలో ఇన్‌వాయిస్ లైన్ల టేబుల్, చుట్టూ క్యాలెండర్, ప్రొడక్టు, కస్టమర్, ప్రాంతం, సేల్స్‌మన్ టేబుళ్ళు. డేటా నిపుణుడు రాల్ఫ్ కింబాల్ తొంభైల్లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి మించింది రిపోర్టింగుకు ఇంకా రాలేదని నా నమ్మకం. ఎక్సెల్ అలవాటుతో వంద కాలమ్‌లున్న ఒకే పెద్ద షీటును మోడల్‌గా పెట్టేవాళ్ళు ఉంటారు. దాన్ని ఒప్పుకోకండి.

క్యాలెండర్ టేబుల్ మీద ఒక వారం పెట్టండి, అంత విలువుంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం చెప్పకపోతే జనవరి అనుకుంటుంది. ‘ఈ ఏడాది ఇప్పటివరకు’ అనే లెక్కకు సంవత్సరాంతం మార్చి 31 అని ఇవ్వాలి, క్వార్టర్ కాలమ్‌లు మీరే కట్టుకోవాలి. పండుగలకు ఒక కాలమ్ తప్పనిసరి. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. పండుగ సరుకు కనీసం రెండు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కు చేరాలి. 2025లో ఆ లోడింగులో కొంత సెప్టెంబరులోకి జరిగిపోతుంది, 2023లో ఎక్కువ భాగం అక్టోబరు చివరన పడుతుంది. నెలకు నెల పోల్చే చార్టు ఒక ఏడాది సేల్స్ టీమ్‌ను ఆకాశానికెత్తి మరుసటి ఏడాది నేలకు కొడుతుంది, నిజానికి షాపుల్లో అమ్మకం మారకపోయినా. పండుగకు ముందు ఎన్నో రోజు అనే లెక్కతో పోల్చే అవకాశం ఇస్తే మేనేజర్లు మీ డ్యాష్‌బోర్డును మొదటిసారి నమ్ముతారు. సంక్రాంతికి ఈ గొడవ లేదు, అది జనవరి మధ్యలోనే వస్తుంది.

క్యాలెండర్‌తో పాటే ఇంకో చిన్న తంటా ఉంది. పవర్ బీఐ సర్వీసులో (క్లౌడ్‌లో నడిచే భాగంలో) ‘టుడే’, ‘నౌ’ ఫంక్షన్లు మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీ సమయం ప్రకారం నడుస్తాయి. మన దగ్గర తెల్లవారుజామున 5:30 దాటేదాకా అక్కడ ఇంకా నిన్నే. మీ రిఫ్రెష్ (డేటాను మళ్ళీ లోడ్ చేయడం) తెల్లవారుజామున ఐదింటికి అయితే ‘ఇవాళ్టి తేదీ’ అని మోడల్‌లో నిలిచిపోయేది నిన్నటి తేదీ. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అంతా సరిగ్గా కనిపిస్తుంది, సర్వీసులో తప్పు వస్తుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. యూటీసీ సమయానికి ఐదున్నర గంటలు కలిపి రాయించండి.

ప్రాంతం టేబుల్ ఇంకా కష్టం. తెలంగాణ 2014లో 10 జిల్లాలతో ఏర్పడింది. 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త పేర్లతో వచ్చిన జిల్లాలు పెద్ద ప్రమాదం కావు, పాత డేటా లేదని కళ్ళకు కనిపిస్తుంది. అదే పేరుతో మిగిలి హద్దులు మారినవి మోసం చేస్తాయి. తూర్పు గోదావరినే చూడండి. ఒకప్పుడు కాకినాడ దానికి కేంద్రం. 2022 తర్వాత కాకినాడ, కోనసీమ విడిపోయాయి, కేంద్రం రాజమహేంద్రవరం అయింది, పశ్చిమ గోదావరిలో ఉండే కొవ్వూరు, నిడదవోలు వైపు ప్రాంతం వచ్చి ఇందులో కలిసింది. జిల్లా పేరు మీద ఐదేళ్ళ చార్టు గీస్తే తూర్పు గోదావరిలో వ్యాపారం కూలిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడి ఏరియా మేనేజర్ ఏ తప్పూ చేయకుండానే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

దీనికి పరిష్కారం ఏమిటంటే, డిస్ట్రిబ్యూటర్‌నూ షాపునూ జిల్లాతో కాకుండా మండలంతో కట్టండి. మండలం టేబుల్‌లో ‘పాత జిల్లా’, ‘ఇప్పటి జిల్లా’ అని రెండు కాలమ్‌లు పెట్టండి. దీర్ఘకాల పోలికకు ఒకటి, ఇవాళ్టి పనికి ఒకటి. మీ సేల్స్ టెరిటరీలకూ ఇదే సూత్రం. ఒక షాపు గత జూన్ దాకా ఒక సేల్స్‌మన్ కింద ఉండి ఇప్పుడు ఇంకొకరి కిందికి వచ్చి ఉంటే, ఇన్సెంటివ్ లెక్కకు అప్పటి మనిషి కావాలి, ప్లానింగుకు ఇప్పటి మనిషి కావాలి. మాస్టర్‌లో పాతదాన్ని చెరిపి కొత్తది రాస్తే ఇన్సెంటివ్ తగాదాలు తప్పవు. ఎప్పటినుంచి ఎప్పటివరకు అనే తేదీలతో రెండు వరుసలూ ఉంచాలి.

ఇక నెమ్మదితనం. ఇది టూల్ తప్పే అని మీ పైవాళ్ళకు గట్టిగా అనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో పర్ఫార్మెన్స్ అనలైజర్ తెరిచి, నెమ్మదిగా ఉన్న పేజీని ఒకసారి నడపండి. ఒక్కో విజువల్‌కు (చార్టు, కార్డు లాంటివాటికి) క్వెరీకి, అంటే డేటాను అడిగి తెచ్చుకోవడానికి ఎంత సమయం, గీయడానికి ఎంత, తన వంతు కోసం ఎదురుచూడటానికి ఎంత పోతోందో చూపిస్తుంది. ప్రతి విజువల్ తన క్వెరీ తాను పంపుతుంది. ఒక పేజీలో ముప్పై కార్డులు, పది స్లైసర్లు (ఫిల్టర్ పెట్టెలు), రెండు మ్యాపులు పెడితే ఎదురుచూడటానికే ఎక్కువ పోతుంది. అలాంటి పేజీని రెండుగా విడదీస్తే చాలు. క్వెరీ సమయమే ఎక్కువైతే మోడల్‌లోకి వెళ్ళాలి. డేటా కాపీని పవర్ బీఐలోకి తెచ్చుకునే ఇంపోర్ట్ మోడ్‌లో అది కాలమ్‌ల వారీగా నొక్కిపెట్టి దాచబడుతుంది. ఒక కాలమ్‌లో వేర్వేరు విలువలు ఎంత తక్కువుంటే అంత బాగా నొక్కుకుంటుంది. బిల్లు తేదీ, సమయం సెకన్లతో సహా ఒకే కాలమ్‌లో ఉంచితే ఏడాదికి 3 కోట్ల 15 లక్షల దాకా వేర్వేరు విలువలకు చోటుంది. తేదీని ఒక కాలమ్, సమయాన్ని ఇంకో కాలమ్ చేస్తే 365 ఒకవైపు, 86,400 ఒకవైపు. సమయం అసలు ఎవరూ చూడకపోతే తీసేయండి. ‘ఆటో డేట్/టైమ్’ ఆపేయండి, అది ప్రతి తేదీ కాలమ్‌కూ వెనకాల ఒక దాగిన టేబుల్ కడుతుంది. రెండువైపులా ఫిల్టరయ్యే సంబంధాలు ఎక్కడున్నాయో చూసి, తప్పనిసరి కాని చోట ఒకవైపుకు మార్చండి.

డైరెక్ట్ క్వెరీ పెట్టి నేరుగా ఎస్ఏపీనే అడుగుదాం, అప్పటికప్పటి డేటా కనిపిస్తుంది అనేవాళ్ళు మీ దగ్గర కూడా ఉంటారు. వాళ్ళను ఒక ప్రశ్న అడగండి: పదకొండింటికి అంకె మారితే పదకొండుంపావుకు ఎవరు ఏం చేస్తారు? డిస్పాచ్ దగ్గర జవాబుంటుంది, మిగతాచోట్ల సాధారణంగా ఉండదు. ప్రో లైసెన్సుతో రోజుకు ఎనిమిదిసార్లు రిఫ్రెష్ పెట్టుకోవచ్చు, అమ్మకాల సమీక్షకు అది ఎక్కువే.

ఇన్‌వాయిస్ టేబుల్ పెద్దదైతే ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ (ఇటీవలి డేటాను మాత్రమే మళ్ళీ లోడ్ చేసే పద్ధతి) పెట్టండి, ప్రో లైసెన్సులో కూడా పనిచేస్తుంది. అయితే ఎన్ని నెలలు మళ్ళీ లోడ్ చేయాలి అన్నది మీ వ్యాపారాన్ని బట్టి ఉండాలి. పాత బిల్లుల మీద మూడు నెలల తర్వాత కూడా మార్పులు పడుతుంటే, గత నెల ఒక్కటే తాజా చేసే సెట్టింగుతో మీ అంకె ఫైనాన్స్ అంకెతో మళ్ళీ విడిపోతుంది. మొదటి తగాదా వెనక్కి వస్తుంది.

గేట్‌వే (కంపెనీ లోపలి డేటాను పవర్ బీఐ సర్వీసుకు చేర్చే ప్రోగ్రాం) విషయం క్లుప్తంగా చెబుతాను. అది ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంటే ఇవాళే సర్వర్ మీదికి మార్చండి. డేటాబేస్‌కు ఒక ఉద్యోగి సొంత లాగిన్‌తో కలిపి ఉంటే సర్వీస్ అకౌంట్ (ఏ ఒక్క మనిషిదీ కాని లాగిన్) పెట్టండి, లేదంటే ఆ ఉద్యోగి మానేసిన రోజు అన్నీ ఆగిపోతాయి. వరుసగా నాలుగుసార్లు ఫెయిలైతే షెడ్యూల్ రిఫ్రెష్ దానంతటదే ఆగిపోతుంది, దాని మెయిల్ ఒకరి ఇన్‌బాక్స్‌లో చదవకుండా పడి ఉంటుంది. ఆ మెయిల్ టీమ్ గ్రూపుకు రావాలి.

ఎవరు ఏం చూడాలి అన్నదాంట్లో నేను చాలా సంస్థల్లో చూసిన లోపం ఒకటుంది. రో లెవల్ సెక్యూరిటీ (ఎవరి వరుసలు వాళ్ళకే కనిపించే ఏర్పాటు) పెట్టి, కర్నూలు మేనేజర్ కర్నూలు మాత్రమే చూస్తాడని అందరూ నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ నియమం వర్క్‌స్పేస్‌లో వ్యూయర్‌గా ఉన్నవాళ్ళకే వర్తిస్తుంది. అడ్మిన్, మెంబర్, కంట్రిబ్యూటర్లు మొత్తం చూస్తారు. ‘రిపోర్టు ఓపెన్ కావడం లేదు’ అని ఫోన్ వచ్చినప్పుడల్లా తొందరలో మెంబర్‌గా చేర్చేసిన వాళ్ళ జాబితా మీ దగ్గరా పొడవుగానే ఉంటుంది. దాన్ని ముందు శుభ్రం చేయండి. రిపోర్టులను యాప్ ద్వారానే పంచండి. మనుషుల పేర్లతో కాకుండా సెక్యూరిటీ గ్రూపులతో హక్కులివ్వండి. పేజీని హైడ్ చేయడం భద్రత కాదు. ‘పబ్లిష్ టు వెబ్’ అనే ఆప్షన్‌ను అడ్మిన్ పోర్టల్‌లో ఆపేయించండి. దాంతో తయారైన లింకును పాస్‌వర్డ్ లేకుండా ప్రపంచంలో ఎవరైనా తెరవొచ్చు.

పేజీలో ఏం పెట్టాలన్నది డిజైన్ ప్రశ్నలా కనిపిస్తుంది కానీ కాదు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లోనే బిజినెస్ ఇంటెలిజెన్స్ అనే పేరుతో ఒక వ్యవస్థను ఊహించినప్పుడు, సమాచారం ఏ చోట పనిగా మారుతుందో ఆ చోటికే చేరాలన్నాడు. మీ రెండు వందల రిపోర్టులకూ ఇదే పరీక్ష పెట్టండి: ఇది చూసి ఎవరు, ఏ రోజు, ఏ నిర్ణయం తీసుకుంటారు? జవాబు లేని పేజీ ఎంత అందంగా ఉన్నా అక్కర్లేదు.

డ్యాష్‌బోర్డు మనుషుల ప్రవర్తనను మారుస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. మొదటి పేజీలో ప్రైమరీ అమ్మకం, టార్గెట్ శాతం మాత్రమే పెట్టి, ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగు వేశారనుకోండి. నెల చివరి మూడు రోజుల్లో డిస్ట్రిబ్యూటర్ గోడౌన్లలోకి సరుకు తోసేస్తారు. వచ్చే నెల మొదటి వారంలో అమ్మకాలుండవు, రెండో నెలలో వాపసులు మొదలవుతాయి, డిస్ట్రిబ్యూటర్ డబ్బు కట్టడం ఆలస్యం చేస్తాడు. ఆ టెన్షన్ అంతా ఫీల్డులో తిరిగే సేల్స్‌మన్ మోస్తాడు. అందుకే ప్రైమరీ పక్కనే సెకండరీ, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఎన్ని రోజుల నిల్వ ఉంది, బకాయి ఎంత అనేవి కచ్చితంగా ఉండాలి. నాలుగూ ఒకే చూపులో కనిపిస్తే తోసేయడం దాచలేరు. దీని కోసం మీరు సేల్స్ హెడ్‌తో కాస్త గట్టిగా మాట్లాడాల్సి రావచ్చు. మాట్లాడండి.

అంకెలు లక్షలు, కోట్లలో చూపించండి. పవర్ బీఐ దానంతటది మిలియన్, బిలియన్ అని చూపిస్తుంది. ఒక బిలియన్ అంటే వంద కోట్లు అని మీటింగులో మనసులో లెక్కేసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. కోటితో భాగించిన మెజర్ (లెక్క సూత్రం) ఒకటి పెట్టి పేరులోనే ‘కోట్లలో’ అని రాస్తే చాలు.

మన ఆఫీసుల్లో పొద్దున్నే రిపోర్టు స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. వద్దన్నా ఆగదు. కాబట్టి స్క్రీన్‌షాట్ ఒంటరిగా వెళ్ళినా అర్థమయ్యేలా పేజీ కట్టండి. పైన డేటా ఏ రోజు, ఏ గంట వరకు ఉందో, ఏ ఫిల్టర్లు పెట్టి ఉన్నాయో కనిపించాలి. సగం ‘మీ అంకె తప్పు’ ఫోన్లు దీంతోనే తగ్గుతాయి. ఏరియా మేనేజర్లు ఎక్కువగా ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి వాళ్ళ పేజీలకు మొబైల్ లేఅవుట్ విడిగా చేయండి.

‘ఎక్సెల్‌లో పంపించు’ అనేవాళ్ళతో యుద్ధం పెట్టుకోకండి. వాళ్ళలో చాలామందికి మీకన్నా బాగా వ్యాపారం తెలుసు, వాళ్ళకు అలవాటైన పనిముట్టు అది. ఎక్స్‌పోర్ట్ బటన్‌తో తీసుకెళ్తే ఎక్సెల్ ఫైలుకు 1,50,000 వరుసల పరిమితి ఉంది, పైగా ఆ క్షణం నుంచే అది పాత డేటా. దాని బదులు ‘అనలైజ్ ఇన్ ఎక్సెల్’ నేర్పించండి. వాళ్ళ ఎక్సెల్‌లోనే పివట్ టేబుల్ నేరుగా మీ సర్టిఫైడ్ మోడల్‌కు కలుస్తుంది. లెక్క మీది, షీటు వాళ్ళది, రో లెవల్ సెక్యూరిటీ కూడా అలాగే పనిచేస్తుంది. ఫైనాన్స్ టీమ్‌తో మొదలుపెడితే మంచిది, నెల రోజుల్లో వాళ్ళే మీ తరఫున మాట్లాడతారు.

పాత రిపోర్టుల సంగతికి వస్తే, యూసేజ్ మెట్రిక్స్ తీసి గత నెలలో ఎవరూ తెరవనివి ఏవో చూడండి. ఏడాదికోసారి ఆడిట్‌కు వాడేవాటిని పక్కన పెట్టి, మిగతావాటి యజమానులకు మెయిల్ పెట్టి, ఒక తేదీ చెప్పి, వేరే వర్క్‌స్పేస్‌లోకి మార్చండి. వెంటనే డిలీట్ చేయకండి. ఒక క్వార్టర్ గడిచాక ఎవరూ అడగకపోతే అప్పుడు తీసేయండి. లైసెన్సు లెక్క కూడా ఈ వివరాలతోనే తేలుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ప్రో ధర మనిషికి నెలకు 10 డాలర్ల నుంచి 14 డాలర్లకు పెరిగింది. చూసేవాళ్ళు వందల్లో ఉంటే మైక్రోసాఫ్ట్ ఫ్యాబ్రిక్‌లో ఎఫ్64 గానీ అంతకన్నా పెద్ద కెపాసిటీ (సంస్థ మొత్తానికి కొనే క్లౌడ్ సామర్థ్యం) గానీ తీసుకుంటే, చూడటానికి మాత్రమే వచ్చేవాళ్ళకు ప్రో అక్కర్లేదు. చేసేవాళ్ళకు కావాలి. నిజంగా తెరుస్తున్నవాళ్ళు ఎందరో తెలియకుండా ఏ వెండర్‌తోనూ బేరానికి కూర్చోకండి.

వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఒకటుంది, అది మీ చేతుల్లో లేదు, అడిగి తెచ్చుకోవాలి. సోమవారం సమీక్షలో ఎండీ గానీ సేల్స్ హెడ్ గానీ స్లైడ్లు పక్కన పెట్టి, డ్యాష్‌బోర్డునే తెర మీద తెరిచి ప్రశ్నలడగాలి. ఒక్క నెల అలా జరిగితే కింది వరకు అందరూ ముందురోజు రాత్రే ఆ పేజీ చూసుకుని వస్తారు. పైవాళ్ళు పీపీటీ అడుగుతూ ఉన్నంతకాలం కిందివాళ్ళు ఎక్సెల్ తయారు చేస్తూనే ఉంటారు. టాబ్లోకి మారే బడ్జెట్ గురించి మాట్లాడే ముందు మీ పైవాళ్ళను ఈ ఒక్క అలవాటు అడగండి.

ఏఐ గురించి అడిగారు. పవర్ బీఐలోని ఏఐ సహాయకుడు కోపైలట్‌ను ‘గత నెల గుంటూరు అమ్మకం ఎంత’ అని అడిగితే అది మీ మోడల్‌లోని పేర్లనే చూసి జవాబు వెతుకుతుంది. ‘అమౌంట్’, ‘అమౌంట్1’, ‘నెట్ వాల్యూ’, ‘నెట్ వాల్యూ కొత్తది’ అని నాలుగు కాలమ్‌లు ఉంటే వాటిలో ఒకటి ఎంచుకుని ఏ సందేహం లేకుండా ఒక అంకె చెప్పేస్తుంది. అది ఏ అంకో అడిగినవాళ్ళకు తెలియదు. అమ్మకాల మోడల్ పైన చెప్పినట్టు తయారయ్యాక, ప్రతి మెజర్‌కూ వివరణ రాసి, అక్కర్లేని కాలమ్‌లు హైడ్ చేసి, ఫైనాన్స్‌లో నలుగురితో నెల రోజులు వాడించి చూడండి. వాళ్ళు అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు ఒక షీటులో రాయించి, సర్టిఫైడ్ రిపోర్టుతో సరిచూడండి. ఎన్ని కలిశాయో ఆ షీటే చెబుతుంది, కొనాలా వద్దా అన్నది దాన్ని చూసి మీ సీఎఫ్ఓ నిర్ణయించవచ్చు.